ఇసుక క్రింది గోడ

విశాఖపట్టణపు తీరమున 2021వ సంవత్సరములో అలల కోతకు ఇసుక కొట్టుకొనిపోగా, రెండవ ప్రపంచయుద్ధమునాటి కాంక్రీటు కట్టడమొకటి బయల్పడెను. సైనికులు దీనిని పిల్ బాక్సు అందురు. మందమైన గోడలు, తుపాకి గొట్టము పట్టునంత కంతలు. లోనివాడు సముద్రమును చూచును. సముద్రమునుండి వచ్చువానికి వాడు కానరాడు.

ఇట్టివి బయల్పడినపుడెల్ల మనవారిలో రెండు మాటలు పుట్టుచున్నవి. దొరలు తమ సామ్రాజ్యమునకై కట్టుకొన్నది, పోనిండని యొకటి. సముద్రుడు కోపించెనని మఱియొకటి. రెండును మాకు సమ్మతములు కావు.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. ఆనాడు బిడ్డలను చంకనిడుకొని యిల్లు విడిచిన గృహిణులు ఏ సామ్రాజ్యమునకు ఏలికలు? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు చేరినదియు ఆ యేడే. అప్పుడు మా ముప్పాళ్ళ గుంటూరు జిల్లాలోనిదే. పల్నాడు వేరు జిల్లాయైనది 2022లో గదా. సముద్రమెఱుగని మా సీమ ముంగిటివఱకును తీరపు భయము అట్లు వచ్చినది. కారెంపూడిలో పల్నాటి వీరులకు గుడి గట్టి యేటేట ఉత్సవము చేయుచున్నాము. పన్నెండవ శతాబ్దినాటి దాయాదుల పోరును (కోడిపందెముతో ముదిరిన తగవును!) మఱువని మనము ఎనుబదియేండ్లనాటి గోడను మఱచుట యేమి న్యాయము?

ఇక సముద్రుని కోపము. ఈ తీరమున ఏడాదిలో హెచ్చుకాలము ఇసుక నైరుతినుండి ఈశాన్యమునకు నడచును. 1933లో తెఱచిన రేవుకొఱకును, 1970 తరువాత బయటి రేవుకొఱకును సముద్రములోనికి వేసిన రాతికట్టలు ఆ నడకకు అడ్డుపడినవి. అందుచేతనే రేవులో తోడిన ఇసుకను ఉత్తరపు తీరమున పోయవలసి వచ్చినది. పోత చాలనియెడల ఒడ్డు తెగును. ఇందు దేవుని ప్రసక్తి యేల? కట్టినవారు మనుష్యులు, లెక్క చెప్పవలసినవారును మనుష్యులే. కొబ్బరికాయ కొట్టి చేతులు దులుపుకొనువారికి ఈ లెక్క రుచింపదు.

ఆ గోడకు రంగులు పూసి వింతవస్తువుగా నిలుపవలదు. కొలతలు తీసి, పటములు వ్రాసి, కథను తెలుగున ఫలకముపై చెక్కింపుడు. అంతకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. గోడను బయటపెట్టిన కోతయే జాలరుల పడవలు నిలుచు ఒడ్డునుగూడ తినుచున్నది. ఏటేట ఎంత ఇసుక తోడినది, ఎంత పోసినది, ఎక్కడ పోసినది, ఆ లెక్కను జాలరిపేట వాకిట తెలుగులో వ్రాసి పెట్టింపుడు.