“ఆడ మనోళ్ళు ఎవరున్నరు?”



గత మాసమున మా మేడ్చలునుండి శామీర్‌పేటకు పనిమీద పోయి, చెఱువునకు దాపున నివసించు నా స్నేహితురాలి యింట నొక పూట గడపితిని. ఆమె బాలికల పాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా చరిత్రయు భూగోళమును బోధించి, ప్రధానోపాధ్యాయురాలై, అయిదేండ్ల క్రిందట ఉద్యోగ విరమణ చేసినది. భోజనములైన పిదప నన్ను లోపలి గదికి బిలిచి, బీరువాలోనుండి యొక లెక్కల పుస్తకమును తీసి చూపెను. అందు పాలవాని పద్దులు లేవు. ఇటలీ దేశమున మూడు నెలలు నివసించుటకు కావలసిన పద్దులున్నవి. ఈ సంగతి ఇంటిల్లిపాదికిని తెలిసి రెండు వారములైనదట. అందఱును ఒక్కటే ప్రశ్న వేసిరట. ఎనుబది నాలుగేండ్ల యత్తగారు అడిగిన మాటలలోనే దానిని వ్రాయుచున్నాను: “ఆడ మనోళ్ళు ఎవరున్నరు, బిడ్డా?”

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. మన స్త్రీలు విదేశములకు పోవుట క్రొత్త కాదు. మా వీధిలోనే కూతురి పురిటికి ఒకరు, కోడలి పురిటికి ఒకరు, మనుమల నాడించుటకు మఱియొకరు అమెరికాకు పోయి వచ్చుచునే యున్నారు. నా స్నేహితురాలును 2022లో కూతురి కొఱకు, 2024లో కోడలి కొఱకు పోయి, రెండు మాఱులును ఇంచుమించు ఆఱేసి నెలలు ఉండి వచ్చినది. ఆ దేశమున నేమి చూచితివని యడుగగా, కిటికీలోనుండి మంచును, వెనుకకు తిరిగిన పొయ్యిని చూచితి ననెను. బాలింతకు పథ్యము, పసిబిడ్డకు నీళ్ళు పోయుట, అల్లునికి ఫలాహారము, శని ఆదివారములు వచ్చు మిత్రులకు వంట. నేనును అట్లు పోయి వచ్చినదాననే గనుక ఆమె యంతకన్న చెప్ప నక్కఱ లేకపోయెను.

పురిటికి పోవలదని నేననుట లేదు. తల్లి పోక ఎవరు పోదురు? కాని యా ప్రయాణములకు ఖర్చెంతయని యింటిలో నొక్కరును అడుగలేదు. తనకై తాను ఒక చోటికి పోయెద ననిన నాడు ప్రతివారును కాగితము, కలము చేతబట్టిరి. కుమారుడు ఆ సొమ్ముతో కీసరవైపున ఇంకొక ప్లాటు కొనవచ్చు ననెను. కుమార్తె టెలిఫోనులో, “మూడు నెలలు తీరిక యున్నచో మా యొద్దకే రావచ్చును గదమ్మా!” అనెనట. ఆ మాటకు నా స్నేహితురాలు రెండు దినములవఱకు బదులు చెప్పలేకపోయినది.

ఇటలీయే యెందులకన్న, ఆమె చెప్పిన కారణము నాకు నచ్చినది. కాకతీయుల పాఠము వచ్చినప్పుడెల్ల వెనీసు నగరపు వర్తకుడు మార్కోపోలోను గూర్చి ఆమె బాలికలకు చెప్పెడిది. పదుమూడవ శతాబ్దపు చివర ఆతడు మోటుపల్లి రేవు సీమను, దాని నేలిన రాణిని, సాలెగూటివంటి సన్నని వస్త్రములను వర్ణించి యున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవియే యని చరిత్రకారుల మతము. “ఆయన మన యింటి సంగతి వ్రాసికొని పోయెను. వారి యింటిని చూచి వచ్చిన వారు మనలో నెవరక్కా?” అని ఆమె నన్నడిగెను.

పోయినవారు లేకపోలేదు. మొదటి సాలారుజంగు 1876లో రోమునగరమునకు పోయి, బెంజోనీ యను శిల్పి చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహమును కొని తెచ్చెను. చలువఱాతిలో పలుచని మేలిముసుగును, దాని చాటున ముఖమును చెక్కిన యా పనితనమును మీలో పెక్కుమంది హైదరాబాదు మ్యూజియములో చూచియే యుందురు. నా స్నేహితురాలు బాలికలను వెంటబెట్టుకొని యేటేట అచ్చటికి పోయెడిది. కాని పిల్లల తలలు లెక్కపెట్టుటయే సరిపోయి, విగ్రహమును రెండు నిమిషములైనను నిలిచి చూడలేదట. హైదరాబాదులో పుట్టిన సరోజినీదేవి 1895లో చదువునకై ఇంగ్లండు పోయి, 1898లో తిరిగి వచ్చులోపల ఇటలీలో సంచరించెను. ఫ్లారెన్సునుండి ఆమె వ్రాసిన లేఖాభాగములు 1905లో అచ్చయిన ఆమె కవితాసంపుటి పీఠికలో కలవు. అంతకు ముందే మన పోతం జానకమ్మగారు ఇంగ్లండునకు పోయి, చూచిన వింతలను తెలుగున వ్రాయగా, 1876లో మద్రాసున దాని యాంగ్లానువాదము అచ్చుపడెను. ఓడ ప్రయాణపు రోజులలో ఒక గృహిణి చేసిన పనికి ఈనాడు ఇంత చర్చ యెందులకో నాకు తెలియదు.

ఇక లెక్కల పుస్తకము. అందొక తప్పును నేను పట్టితిని. ఏప్రిల్ 1వ తేదీన దిగి జూన్ 30వ తేదీన బయలుదేఱునట్లు ఆమె వ్రాసికొన్నది. చూచువారలుగా పోవువారికి ఇటలీతో కూడిన షెంగెను దేశములు ఇచ్చు వీసా, ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి యుండనీయదు. దిగిన దినమును, వెడలు దినమును గూడ లెక్కలో చేరును. ఏప్రిల్ 1 మొదలు జూన్ 30 వఱకు 91 దినములు. మూడు నెలలు వేఱు, తొంబది దినములు వేఱు. ఒక్క దినము మించినను మఱల వీసా యడుగునపుడు అది యడ్డము వచ్చును. కావున జూన్ 29వ తేదీయే కడపటిదని దిద్దించితిని. వీసాకు ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండియు, కడపట పదునైదు దినముల ముందువఱకును అర్జీ పెట్టుకొనవచ్చును. రుసుము 90 యూరోలు. బస యెచ్చటనో చూపు కాగితములు, బ్యాంకు లెక్కలు, 30,000 యూరోలకు తక్కువగాని వైద్య భీమా ఉండవలెను. ఇట్టి భీమా పెక్కింటిలో, ముందునుండి యున్న రక్తపుపోటు, మధుమేహములకు పరిహారము రాదు. సన్నని యక్షరములలో నుండు ఆ షరతును కండ్లజోడు పెట్టుకొని చదువుడు. మూడు నెలలకు సరిపడు మందులను, వైద్యుడు మందుల అసలు పేర్లతో వ్రాసి యిచ్చిన చీటితో గూడ తీసికొనిపోవలెను. పింఛనుదారులు ఏటేట ఇచ్చు జీవన ప్రమాణపత్రమును బయలుదేఱక మునుపే యిచ్చుట మేలు.

తొంబది దినములకు మించి యుండగోరు విశ్రాంత జీవులకు వేఱొక వీసా కలదు. దానికి పనిచేయకుండగనే సంవత్సరమునకు ఒక్కరికి సుమారు 31,000 యూరోల యాదాయము, అనగా ముప్పది లక్షల రూపాయలకు పైగా, చూపవలెను. ఉపాధ్యాయుల పింఛనులకు అది అందని పండు.

ఏ యూరిలో నుండవలెనన్నది తరువాతి మాట. రోము, ఫ్లారెన్సు, వెనీసు మూడును వారమునకొకటిగా చుట్టివచ్చుట యాత్రయగునే గాని నివాసము కాదు. ఆమె పెరూజా యను కొండమీది పట్టణమును ఎన్నుకొన్నది. అచ్చట పరదేశీయులకు ఇటాలియను భాష నేర్పుటకే యొక విశ్వవిద్యాలయము కలదు. వయస్సున పెద్దవారును చేరవచ్చును. ఎగుడుదిగుడు వీధులకు మోకాళ్ళు నొచ్చునని నేను భయపడితిని గాని, పాతకోట క్రిందుగా కదలు మెట్లను అమర్చియున్నారు. పట్టణమునకు పడమరగా త్రాసిమేనో సరస్సున్నది. విశాలమైనదే గాని లోతు తక్కువ. మన శామీర్‌పేట చెఱువును చూచుచు పెరిగిన కండ్లకు అది పరాయిది కాదు. చుట్టును ద్రాక్షతోటలు, ఓలివు తోటలు. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములు గూడ ఒకప్పుడు అనాబె షాహీ ద్రాక్షకు పేరుపొందినవి. నేడు ఆ పందిళ్ళలో పెక్కింటిచోట ఇండ్లస్థలముల హద్దురాళ్ళున్నవి. ద్రాక్ష కోత చూడవలెనన్న సెప్టెంబరులో పోవలెను. ఆ మాట నేను చెప్పగా ఆమె కొంతసేపు ఆలోచించినది. కాని చలి యామెకు పడదు. ఆ పట్టణమున ఇండ్లను వెచ్చజేయు యంత్రములను సాధారణముగా అక్టోబరు 15 మొదలు ఏప్రిల్ 15 వఱకే నడుపవలెనని చట్టము. ఏప్రిల్ మొదటి పక్షము గడచిన తరువాత ఉన్నిశాలువయే దిక్కు.

భాష మనకు కష్టము కాదనియే నా నమ్మకము. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అని పిలుచు వాడుక అందఱెఱిగినదే. రెండును చాలవఱకు అజంతములు. వారి త, ద లు మన త, ద లే. ద్విత్వము పలుకుటలో గూడ మనము తడబడము. ‘కాసా’ యన్న ఇల్లు, ‘కాస్సా’ యన్న దుకాణమున డబ్బుకట్టు చోటు. పెద్దలతో మాటలాడునపుడు వారికిని ‘మీరు’ వంటి మాట వేఱుగా కలదు. ‘నీవు’ అన్నచో చనువగును.

వంట సంగతి యడుగక మీరు నన్ను విడువరు. మన మక్కగటకను ఎఱిగిన వారికి వారి ‘పోలెంత’ను గూర్చి చెప్ప నక్కఱలేదు. అదియు మొక్కజొన్న రవ్వను మరుగునీట పోసి కలుపుచు ఉడికించునదియే. ఉత్తర ఇటలీలో పేదలు తరతరములుగా దానిమీద బ్రతికిరి. జెనోవా వైపున శనగపిండిని జారుగా కలిపి, నూనెతో పళ్ళెమున కాల్చిన రొట్టె యొకటి కలదు. వరి పండించు సీమలును ఉత్తరమున నున్నవి గాని, ఆ బియ్యము పొట్టిగా జిగురుగా నుండును. పొడి యన్నము కాదు. రోములో ఎస్క్విలీనో సంతలో మన వైపు బియ్యము, పప్పులు, మసాలాలు దొరకును. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. పేరుగన్న పార్మజానో చీజును దూడ కడుపునుండి తీసిన ద్రవ్యముతో తోడువేయుదురు. ‘కాల్యో వెజెతాలె’, అనగా మొక్కలనుండి తీసిన తోడు అని వ్రాసినదానిని అడిగి కొనవలెను. చిన్న పట్టణములలో మధ్యాహ్నము దుకాణములు మూయుదురు గనుక పెందలకడ పోవలెను.

సొమ్ము చాలును. గ్రాట్యుటీలో మిగిలినది ఆమెదే, ఆమె పేరనే యున్నది. కుమారుని ప్లాటు మాటకు ఆమె తలయొగ్గదని నేనెఱుగుదును. చిక్కు అత్తగారి యొద్ద నున్నది. రాత్రివేళ లేచినప్పుడు చేయి పట్టుకొనువారు కావలెను. జీతమునకు మనిషిని పెట్టుటకు వృద్ధురాలు ఒప్పుకొనదు. భర్త, “నేనిక్కడనే యుండెదను, నీవు పోయి రమ్ము” అనెను గాని ఆయనకు అన్నము వార్చుట రాదు. అఱువదియైదేండ్లకు నేర్చుకొనరాదా యని నేను అనగా, ఆయన వార్తాపత్రికను ముఖమునకు మఱికొంత దగ్గఱగా పట్టుకొనెను. కరీంనగరునుండి ఆడుబిడ్డ మే నెలలో వచ్చి యుండెద ననినది. జూను నెలకు చెల్లెలు సరే యన్నది.

సాయంకాలము నేను బయలుదేఱుచుండగా అత్తగారు అరుగుమీద కూర్చుండి యుండెను. కోడలు ఆమెకు దినమునకొక ఇటాలియను మాట చెప్పుచున్నదట. ఆనాటి మాట ‘నోన్న’, అనగా అవ్వ. “నన్ను పట్టుకొని నాన్న అంటరా!” అని ముసలామె దగ్గు వచ్చువఱకు నవ్వినది. నవ్వు తగ్గిన పిదప కోడలివైపు తిరిగి, “అది సరే గాని, ఏప్రిల్ల నా దగ్గర ఎవరుంటరు?” అని యడిగెను. నా స్నేహితురాలు పుస్తకము తెఱచి చూచినది. మే నెల గడిలో ఒక పేరు, జూను గడిలో ఒక పేరు ఉన్నవి. ఏప్రిల్ గడిలో ఇంకను ఏమియు వ్రాయలేదు.