గంట కొట్టేది ఎవరు?

ఇంటర్ పిల్లలున్న ఇళ్ళల్లో ఈ మాట కొత్త కాదు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్ళీ స్టడీ అవర్. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ కాలేజీవాళ్ళే చెబుతారు.

కోచింగ్ సెంటర్లు పదహారేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదనీ, రోజుకు 5 గంటలకు మించి క్లాసులు పెట్టకూడదనీ 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది. సంతోషమే. కానీ ఆ మిగిలిన గంటల్ని వాడుకోవడం పిల్లలకు వచ్చా అన్నది నా సందేహం.

సొంతంగా చదువుకోవడంలో మూడు దశలున్నాయంటారు అమెరికన్ మనస్తత్వవేత్త బారీ జిమ్మర్‌మన్. ఏం చదవాలో ముందే అనుకోవడం, చదువుతున్నప్పుడు తనను తాను గమనించుకోవడం, ఆపైన ఏది రాలేదో, ఎందుకు రాలేదో చూసుకోవడం. ఈ మూడూ వార్డెన్లూ లెక్చరర్లే చేసిపెడితే పిల్లలకు మిగిలేది బట్టీయే. రేపు ఇంజనీరింగులో గంట కొట్టేవాళ్ళు లేక సబ్జెక్టులు తప్పితే, "చెడు సావాసాలు" అనేస్తాం.

అలాగని ఒక్కసారే వదిలేయమని కాదు. పిల్లలు ఏదైనా ముందు పెద్దల తోడుతో చేసి, తర్వాతే సొంతం చేసుకుంటారన్నారు రష్యన్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ. వంట నేర్పడమూ అంతే కదా! ఎప్పుడూ ఉప్పు మనమే వేస్తుంటే ఆ చేతికి అంచనా ఎలా వస్తుంది?

సెలవు రోజు టైంటేబులైనా పిల్లల్నే వేసుకోనిద్దాం. అది తప్పితే తిట్టకుండా, "ఎక్కడ కుదరలేదమ్మా?" అని అడుగుదాం. వార్డెను పని మాత్రం మనం ఎత్తుకోవద్దు.