శిక్షకు గడువు ఉండాలి

2011 ఆగస్టు 31. మరో రెండు రోజుల్లో సైప్రస్‌తో యూరో కప్ అర్హత మ్యాచ్. పోర్చుగల్ డిఫెండర్ రికార్డో కార్వాల్యో జట్టు శిబిరం నుంచి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. తన చోటు మరొకరికి ఇస్తున్నారని గ్రహించాడు, దాన్ని అవమానంగా తీసుకున్నాడు. కోచ్ పౌలో బెంటో అతన్ని యుద్ధరంగం విడిచి పారిపోయిన సైనికుడితో పోల్చాడు. ఫుట్‌బాల్ సమాఖ్య ఏడాది నిషేధం విధించింది. అప్పటికి అతనికి 33 ఏళ్లు.

ఆ శిక్ష న్యాయమైనదే. జట్టు అన్నాక అలగడానికీ వెళ్లిపోవడానికీ తేడా ఉంటుంది. పైగా కార్వాల్యో తాను జట్టులోకి ఎలా వచ్చాడో మరిచిపోయాడు. 2004 యూరో సొంతగడ్డ మీద జరిగింది. తొలి మ్యాచ్‌లోనే పోర్చుగల్ గ్రీస్ చేతిలో ఓడింది. కోచ్ స్కొలారి ఎంతో అనుభవమున్న ఫెర్నాండో కూటోను పక్కన పెట్టి కార్వాల్యోను దించాడు. ఫైనల్లో మళ్లీ గ్రీసే గెలిచినా ఆ టోర్నీ అతన్ని మేటి డిఫెండర్ల వరుసలో నిలబెట్టింది. ఒకరు తప్పుకుంటేనే కదా ఇంకొకరికి చోటు!

ఆ చోటును అతను వృథా చేయలేదు. పోర్టో క్లబ్బులో ఉన్నా మొదట్లో వేరే క్లబ్బులకు అరువు మీద వెళ్లి ఆడాల్సి వచ్చింది. తర్వాత జోసె మొరీన్యో శిక్షణలో 2003లో యూఈఎఫ్‌ఏ కప్, 2004లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. చెల్సీకి వెళ్లిన తొలి సీజన్లో, జాన్ టెర్రీ పక్కన అతను కాపు కాసిన జట్టు 38 లీగ్ మ్యాచ్‌లలో 15 గోల్సే ఇచ్చింది. ప్రీమియర్ లీగ్‌లో ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అతనిది మీద పడి తోసేసే ఆట కాదు. ప్రత్యర్థికి పాస్ వస్తోందని ముందే పసిగట్టి, బంతి వాడి కాలికి తగిలేలోపే అర అడుగు ముందుకు జరిగి దాన్ని తన్నుకుపోయేవాడు. తలెత్తి చూసేసరికి బంతితో సహా మైదానం మధ్యకు చేరుకునేవాడు.

ఇంత పనితనాన్ని ఒక్క రోజు కోపానికి శాశ్వతంగా బలిపెట్టాలా? నిషేధం గడువు తీరింది. అయినా బెంటో ఉన్నంతకాలం పిలుపు రాలేదు. 2014 సెప్టెంబరులో అల్బేనియా చేతిలో సొంతగడ్డ మీద ఓడాక బెంటో పదవి పోయింది. కొత్త కోచ్ ఫెర్నాండో శాంతోష్ పాత ఫైలు తిరగేయలేదు. మొనాకోలో ఆడుతున్న 36 ఏళ్ల కార్వాల్యోను మళ్లీ పిలిచాడు. 2016 యూరో అర్హత పోటీల్లో పోర్చుగల్ మిగిలిన ఏడు మ్యాచ్‌లూ గెలిచింది, ఏడూ ఒక్క గోల్ తేడాతోనే. అలాంటి గెలుపుల్లో రక్షణ పంక్తి విలువేమిటో వేరే చెప్పాలా? వాటిలో సెర్బియాతో లిస్బన్‌లో జరిగిన మ్యాచ్‌లో తొలి గోల్ కార్వాల్యోదే.

2016 యూరోలో గ్రూపు దశ మూడు మ్యాచ్‌లూ ఆడాడు. మూడోది హంగరీతో 3–3. నాకౌట్ మొదలవగానే శాంతోష్ అతన్ని తప్పించి జోసె ఫొంటెను దించాడు. మళ్లీ అదే పరీక్ష! ఈసారి కార్వాల్యో ఎక్కడికీ వెళ్లలేదు. ఫైనల్ దాకా జట్టుతోనే ఉన్నాడు. పారిస్‌లో అదనపు సమయంలో ఎడెర్ కొట్టిన గోల్‌తో పోర్చుగల్ తొలిసారి యూరప్ విజేత అయింది. 38 ఏళ్ల కార్వాల్యో మెడలోనూ పతకం పడింది.

క్రమశిక్షణ పేరుతో ఆటగాళ్లను శాశ్వతంగా వెలివేసే సెలెక్టర్లు ఈ కథ చదవాలి. ఏడాది నిషేధం క్రమశిక్షణ. అది తీరాక కూడా తలుపు తెరవకపోవడం కక్ష. రెండోదానివల్ల బాగుపడిన ఆటగాడూ లేడు, లాభపడిన జట్టూ లేదు. శాంతోష్ గతాన్ని మాఫీ చేయలేదు, శిక్ష పూర్తయిందని ఒప్పుకున్నాడంతే. తప్పు చేసినవాణ్ని తప్పకుండా శిక్షించండి. ఆ శిక్ష ఎప్పుడు ముగుస్తుందో కూడా అదే ఉత్తర్వులో రాయండి. ఆ తేదీ దాటాక మైదానంలో అతని ఆట చూసి మాత్రమే తీర్పు చెప్పండి.