మోటారుకు రీవైండింగు, ఫోనుకు చెత్తబుట్ట

రెండు మూడేళ్ళు వాడిన స్మార్ట్‌ఫోను మధ్యాహ్నానికే చార్జింగు అడగడం మొదలుపెట్టగానే దానికి కాలం చెల్లిందని తీర్మానించడం వాడుకదారులకు అలవాటైపోయింది. తెర, ప్రాసెసరు, కెమెరా, మెమరీ సవ్యంగా పనిచేస్తూనే ఉన్నా, అరిగిపోవడం సహజలక్షణంగా గల ఒక్క బ్యాటరీ బలహీనపడినందుకు మొత్తం పరికరాన్ని మూలన పడేసే ఈ ధోరణిని వ్యక్తుల అజాగ్రత్త కింద జమకట్టడం తేలిక. నిజానికి దాని వేళ్ళు బ్యాటరీని మార్చడం కష్టంగా, ఖరీదుగా, కొన్నిచోట్ల అసాధ్యంగా ఉండేటట్టు ఫోనును రూపొందించి అమ్మే వ్యాపార పద్ధతిలో ఉన్నాయి. కోయంబత్తూరు నగరానికి ఉత్తరపు కొసన, మేట్టుపాళయం రోడ్డు మీద, 2011లో నగరపాలక సంస్థలో కలిసిన తుడియలూరు పరిసరాల పారిశ్రామిక చరిత్రను పక్కన పెట్టుకొని చూస్తే ఈ పద్ధతిలోని అసంబద్ధత మరింత స్పష్టమవుతుంది.

విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఈ ప్రాంతంలో స్థిరపడి, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుతూ వచ్చిన నాయుడు రైతు కుటుంబాలలో పలువురు 20వ శతాబ్దపు తొలి సగంలో సేద్యంతోపాటు యంత్రాల వైపు మళ్ళారు. 1930ల తొలినాళ్ళలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో నూలు మిల్లులకూ బావి పంపులకూ కరెంటు వచ్చింది, 1937లో ఆ వర్గానికే చెందిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి తయారు చేసిన విద్యుత్ మోటారు దేశంలోనే మొదటిదిగా పేరు పొందింది, 1962లో జి.కె. దేవరాజులు స్థాపించిన నూలు మిల్లు యంత్రాల సంస్థ లక్ష్మీ మెషీన్ వర్క్స్ తుడియలూరు దాటి వెళితే వచ్చే పెరియనాయకన్‌పాళయంలో వెలసింది. దేశంలో తయారయ్యే మోటారు పంపులలో దాదాపు సగం కోయంబత్తూరు ప్రాంతానివేనని పరిశ్రమ వర్గాల అంచనా.

ఈ కీర్తిలో కర్మాగారాల వాటా గురించి చాలామందే రాశారు గానీ, రీవైండింగు దుకాణాల వాటా గురించి రాసినవారు తక్కువ. లోవోల్టేజీ వల్లనో, మూడు ఫేజులలో ఒకటి పోవడం వల్లనో పంపు మోటారు కాలిపోయినప్పుడు నిజంగా చెడేది లోపలి రాగి తీగల చుట్ల మీద ఉండే ఎనామిల్ పూత. ఆ చుట్లను తీసివేసి, అదే గేజి కొత్త తీగను అన్నే చుట్లు చుట్టి, వార్నిషులో ముంచి ఆరబెడితే ఇనుప చట్రం, షాఫ్టు, బేరింగు మునుపటివే అయినా మోటారు మళ్ళీ కొన్నేళ్ళు నీళ్ళు తోడుతుంది. కాలిన తీగ కూడా రాగి ధరకు అమ్ముడుపోతుంది. మోటారు కాలిందని బావి పూడ్చుకున్న రైతు ఎక్కడా లేడు. యంత్రంలో త్వరగా అరిగే భాగం, నెమ్మదిగా అరిగే భాగం వేరువేరుగా ఉంటాయనీ, మొదటిదాన్ని మార్చుకునే వీలు కల్పించడం తయారీదారు బాధ్యతలో భాగమనీ ఈ ప్రాంతానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. జి.డి. నాయుడు రూపొందించిన ‘రసాంత్’ అనే విద్యుత్ రేజరు సైతం, అంగట్లో కొనుక్కొని మార్చుకోగల డ్రై సెల్లులతోనే నడిచేది.

ఫోను బ్యాటరీ ఎందుకు అరుగుతుందన్నది రసాయన శాస్త్రానికి సంబంధించిన విషయం. 1991లో సోనీ సంస్థ తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన, 2019లో గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన లిథియం అయాన్ బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్, మరోవైపు లోహపు ఆక్సైడు పొరలుగా ఉంటాయి. చార్జి చేస్తే లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం గల లిథియం పరమాణువులు, ఆక్సైడు వైపు నుంచి గ్రాఫైట్ వైపు వెళ్ళి దాని పొరల మధ్య చేరతాయి, వాడుతుంటే వెనక్కి వస్తాయి. ఈ రాకపోకలకు మాధ్యమమైన ఎలక్ట్రోలైట్ ద్రవం గ్రాఫైట్‌ను తాకిన చోట ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది లేకపోతే బ్యాటరీ అసలు పనిచేయదు, అది పెరుగుతూ పోతే బ్యాటరీ మెల్లగా చస్తుంది. ఎందుకంటే ఆ పొర మందమయ్యే కొద్దీ కొంత లిథియం అందులోనే బందీ అయి రాకపోకలకు పనికిరాకుండా పోతుంది, అయాన్ల దారి కూడా ఇరుకై బ్యాటరీ అంతర్గత నిరోధం, అనగా లోపలినుంచే కరెంటును అడ్డగించే గుణం, పెరుగుతుంది. ఈ క్షయాన్ని ఏ వాడుకదారుడూ ఆపలేడు.

క్షయాన్ని కొలిచేందుకు చక్రం అనే లెక్క ఉంది: మొత్తం సామర్థ్యానికి సమానమైన విద్యుత్తును ఒకసారి వాడితే ఒక చక్రం, అది ఒక్క రోజులో జరిగినా, సగం సగంగా రెండు రోజుల్లో జరిగినా. ఐఫోన్ 14 వరకు వచ్చిన ఫోన్లకు 500 చక్రాల తరవాత, ఐఫోన్ 15 నుంచి 1,000 చక్రాల తరవాత అసలు సామర్థ్యంలో 80 శాతం మిగిలేలా రూపకల్పన చేశామని ఆపిల్ సంస్థ ప్రకటించింది. రోజుకొక చక్రం చొప్పున 500 అంటే దాదాపు పదహారు నెలలు మాత్రమే.

వేడి, పూర్తి చార్జి అనే రెండూ కలిస్తే పైన చెప్పిన పొర పెరుగుదల వేగం అందుకుంటుంది. ఈ విషయంలో పాలక్కాడు కనుమ గాలి తగిలే కోయంబత్తూరు వాసులు కొంత అదృష్టవంతులు. వేసవిలో 45 డిగ్రీలు చూసే రెంటచింతలలోనో రామగుండంలోనో అదే మోడలు ఫోను ముందుగా నీరసపడితే వింత లేదు. కాబట్టి ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద ఫోను వదలకపోవడం, 80 శాతం దగ్గర చార్జింగు ఆగేలా కొత్త ఫోన్లలో ఉన్న సెట్టింగును వాడుకోవడం, తరచుగా సున్నాకు దిగజార్చకపోవడం, తలగడ కింద పెట్టి చార్జి చేయకపోవడం అన్నీ ఉపయోగపడే జాగ్రత్తలే. అయితే తెర వెలుతురు తగ్గించుకోండి, లొకేషను ఆపుకోండి, ఆ యాప్ తీసేయండి, ఈ యాప్ మూసేయండి అంటూ సాగే సలహాల వరద ఒక అన్యాయమైన అభిప్రాయాన్ని కూడా మోసుకొస్తుంది: బ్యాటరీ తగ్గిపోవడం వాడుకదారుడి నేరమని. చేతిపంపుతో కష్టపడి తోడితే మోటారు అరగదు కదా అని రైతుకు చెప్పడం లాంటిదే ఇది. బస్సు టికెట్టు, బ్యాంకు ఓటీపీ, యూపీఐ చెల్లింపు, పొలంలో పంపును దూరం నుంచే ఆన్ చేసే మొబైల్ స్టార్టరు అన్నీ ఫోను మీదే ఆధారపడిన రోజుల్లో ఫోనును వాడకుండా దాచుకోవడం పరిష్కారం కాజాలదు. పొదుపయ్యే విద్యుత్తు కూడా అల్పమే. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీని రోజుకొకసారి ఏడాదంతా నింపినా, చార్జరులో వృథాతో కలిపి, పది యూనిట్లకు మించి ఖర్చు కాదు.

అంతర్గత నిరోధం పెరిగిన బ్యాటరీకి ఇంకొక దుర్గుణం ఉంది. కెమెరా తెరవడం వంటి పనులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు దాని వోల్టేజీ పడిపోయి, తెర మీద 20 శాతం చూపిస్తున్న ఫోను ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఇలా ఆరిపోకుండా ఉండేందుకు పాత ఐఫోన్ల ప్రాసెసరు వేగాన్ని అప్‌డేటు ద్వారా తగ్గించిన సంగతిని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫ్రాన్సు ప్రభుత్వ విభాగం 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది, అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు అదే ఏడాది రాజీ కుదిరింది. సాంకేతికంగా ఆ చర్యకు సమర్థన లేకపోలేదు. తప్పల్లా చెప్పకపోవడంలో ఉంది: ఫోను నెమ్మదించడానికి కారణం బ్యాటరీ అని తెలిసి ఉంటే కొత్త ఫోను కొన్నవారిలో ఎందరో కొత్త బ్యాటరీతో సరిపెట్టుకునేవారు. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏ ఫోన్లకు పంపిన అప్‌డేటు కొన్నింటి బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించివేసినప్పుడు, సంస్థ ముందుగా ప్రకటించి పరిహారపు పథకం కూడా పెట్టింది గనుక, కొంత మార్పు వచ్చిందనే అనుకోవాలి.

బ్యాటరీని విడిగా మార్చగలగడం ఎంత విలువైనదో రెండు ఉదంతాలను పోల్చితే తెలుస్తుంది. 2007 ఆగస్టులో బీఎల్-5సీ రకం బ్యాటరీలలో 4.6 కోట్లు అతిగా వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా ప్రకటించినప్పుడు భారతదేశంలోనూ ఆందోళన చెలరేగింది. అయినా వాడుకదారుడు గోటితో వెనుక మూత తీసి, బ్యాటరీ మీది సంఖ్యను సరిచూసుకొని, ఆ ఒక్క భాగానికే బదులు పొందగలిగాడు, ఫోను అతని దగ్గరే ఉండిపోయింది. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు మండినప్పుడు మాత్రం దాదాపు 25 లక్షల ఫోన్లను ఫోన్లుగానే వెనక్కి రప్పించాల్సి వచ్చింది, చివరికి ఆ మోడలే అంతరించింది. మూత మూసి జిగురుతో అతికించడం వల్ల ఫోను పలుచబడిందనీ, నీటిని తట్టుకుంటోందనీ తయారీదారులు చెప్పేది అబద్ధం కాదు. ఆ సౌకర్యం కోసం కొనుగోలుదారు చెల్లిస్తున్న మూల్యం ఎంతో ఏ పెట్టె మీదా ముద్రించి ఉండదన్నదే ఫిర్యాదు.

ఐరోపా సమాఖ్య ఈ లెక్కను చట్టంలోకి తెచ్చింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు 800 చక్రాల తరవాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ మోడలు అమ్మకం ఆగిపోయాక ఏడేళ్ళపాటు కీలకమైన విడిభాగాలు దొరకాలి. బ్యాటరీ 1,000 చక్రాలు తట్టుకొని, ఫోను నీటిని కూడా ఆపగలిగితే, బ్యాటరీ మార్పును సామాన్యుడికి కాక వృత్తి నిపుణుడికే పరిమితం చేసే వెసులుబాటు ఉంది. నీటి నిరోధకత పేరు చెప్పి తప్పించుకునే దారిని మూసివేయకుండానే దానికి మన్నిక అనే సుంకం కట్టిన తెలివి ఇందులో కనిపిస్తుంది.

భారతదేశపు పరిస్థితి వేరు. ఇక్కడ మరమ్మతు చేసే నైపుణ్యానికి కొరత లేదు. హైదరాబాదు జగదీశ్ మార్కెట్టు, చెన్నై రిచీ స్ట్రీటు, కోయంబత్తూరు గాంధీపురం దుకాణాలలో వేడిగాలితో జిగురు కరిగించి నిమిషాలలో ఫోను విప్పే చేతులున్నాయి. కొరత ఉన్నది నమ్మదగిన బ్యాటరీకి. మోటారు తీగను ఎవరైనా చుట్టవచ్చు గానీ లిథియం సెల్లును వీధి దుకాణంలో తిరిగి తయారు చేయలేరు, మూసి ఉన్నదాన్ని అలాగే కొని పెట్టవలసిందే. కనుక రీవైండింగుతో పోలిక ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది, సరఫరా ప్రశ్న మొదలవుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఇలాంటి బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణాన్ని, నమోదు సంఖ్య ముద్రణను తప్పనిసరి చేసినప్పటికీ, అసలు కంపెనీ పేరుతో అచ్చయిన నకిలీలూ, సామర్థ్యం అంకెను పెంచి రాసినవీ అంగట్లో కలిసిపోతున్నాయి. నాసిరకం సెల్లు ఉబ్బి తెరను పైకి తన్నడం, గుచ్చుకుంటే మండిపోవడం జరుగుతుంది గనుక ఇది కేవలం మోసం కాదు, ప్రమాదం. మరోవైపు, 2019 నుంచి ఆపిల్ వంటి సంస్థలు తమ అనుమతి లేకుండా మార్చిన బ్యాటరీని ఫోను గుర్తించి హెచ్చరిక చూపేటట్టు ఏర్పాటు చేయడంతో, నిజాయితీ గల మెకానిక్కు పెట్టిన మంచి బ్యాటరీ కూడా అనుమానానికి గురవుతోంది.

ఇక్కడ కోయంబత్తూరు చేయగలిగింది ఉంది. దక్షిణ భారత ఇంజినీరింగు తయారీదారుల సంఘమైన సీమా ఆధ్వర్యంలో ఏర్పడిన సిటార్క్ అనే పరీక్షాకేంద్రం పంపుల సామర్థ్యాన్ని కొలిచి ధ్రువీకరించడం ద్వారా చిన్న తయారీదారుల పంపు మీద కూడా రైతుకు నమ్మకం కుదిరింది. అదే తరహాలో, విడిగా అమ్మే ఫోను బ్యాటరీల నమూనాలను తెప్పించి, రాసిన సామర్థ్యం నిజంగా ఉందో లేదో కొలిచి ఫలితాలు బయటపెట్టే స్థానిక కేంద్రం ఉంటే, దుకాణదారుకు మంచి సరుకు అమ్మే ధైర్యమూ, కొనేవారికి అడిగే హక్కూ వస్తాయి. సెల్లుల తయారీ కూడా ఇప్పుడు తెలుగు నేల మీద మొదలైంది: 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ సంస్థ 10 ఆంపియర్ అవర్ సెల్లులను రోజుకు 20,000 తయారు చేయగల సామర్థ్యంతో ప్రయోగాత్మక ఉత్పత్తి ప్రారంభించగా, చిత్తూరు జిల్లాలో పుట్టిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేసింది. రెండో దాని చూపు ప్రధానంగా వాహనాల మీద ఉంది. చేతిలో ఫోనుకు విడి బ్యాటరీ అనేది లాభాల పట్టికలో పెద్దగా కనిపించని సరుకు కాబట్టి, దాని వైపు మళ్ళించడానికి ప్రభుత్వపు చేయి అవసరమవుతుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో ఒక వెబ్ వేదికనూ తెరిచింది. భరత్ ఖేరా అధ్యక్షతన ఏర్పడిన మరో కమిటీ 2025 మే నెలలో మరమ్మతు సూచిక నివేదికను సమర్పించింది. ఫోనును విప్పడం ఎంత సులభం, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, అందుకు ఏ పనిముట్లు కావాలి, సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు ఎన్నాళ్ళు వస్తాయి వంటి ప్రమాణాలను బట్టి తయారీదారే తన ఫోనుకు మార్కులు వేసుకొని, అమ్మకపు చోట ప్రదర్శించాలన్నది అందులోని సిఫారసు. తన జవాబుపత్రం తానే దిద్దుకునే ఏర్పాటును చూసి మురిసిపోనక్కరలేదు. ఫ్రాన్సు 2021 జనవరి నుంచే పదికి ఇన్ని మార్కులని చూపించడాన్ని తప్పనిసరి చేసింది కనుక, ఇక్కడ కూడా సూచికను ఐచ్ఛికంగా వదలకుండా చట్టబద్ధం చేసి, స్వతంత్ర తనిఖీని జోడించాలి. దానికి తోడు ప్రతి ఫోను పెట్టె మీద మూడు వివరాలు తెలుగు, తమిళం సహా స్థానిక భాషలలో ముద్రించేటట్టు చూడాలి: ఎన్ని చక్రాల తరవాత 80 శాతానికి దిగుతుంది, కొత్త బ్యాటరీ వేయించడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ బ్యాటరీ ఎన్నేళ్ళ వరకు దొరుకుతుంది. ఈ అంకెలు తయారీదారుల దగ్గర ఇప్పటికే ఉన్నాయి గనుక, వాటిని బయటపెట్టించే ఉత్తర్వును వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇక జాప్యం చేయకుండా జారీ చేయాలి.