పొట్టలో చుక్క కనపడని పెద్ద తెర

కిందటేడు మా బాబాయికి కొత్త మానిటర్ కొన్నాం. ఆయన తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరో ఒకరి పుస్తకానికి ప్రూఫులు దిద్దుతూనే ఉంటారు. పాతది 22 అంగుళాలది. "కళ్లు లాగుతున్నాయిరా" అన్నారు. పెద్దాయన కదా, పెద్ద తెరే తేవాలని ఇంటిల్లిపాదీ తీర్మానించేసి 27 అంగుళాలది తెచ్చాం. తెర వంపు తిరిగి ఉంది, అట్టపెట్టె మీద కన్ను బొమ్మ కూడా ఉంది. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. "ఏరా, పెద్దదైతే అయింది గానీ, ఇది 'అర్థమా', 'అర్ధమా'? వత్తు పొట్టలో చుక్క ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. మాటకి అర్థమే చెప్పమన్నాడో, సగమే చెప్పమన్నాడో తేలడం లేదు."

తెర ఎంత పెద్దదైతే కళ్లకు అంత సుఖం అన్నది ఇవాళ ఇంటింటా ఉన్న నమ్మకం. కొట్టువాడూ అదే అంటాడు, ఐటీలో పనిచేసే మేనల్లుడూ అదే అంటాడు. టీవీ కొనేటప్పటి లెక్కను మానిటర్‌కీ వర్తింపజేయడం వల్ల పుట్టిన నమ్మకమిది. టీవీలో బొమ్మ చూస్తాం, అదీ గదికి ఆ చివర నుంచి. మానిటర్ మీద రోజులో ఎక్కువ భాగం మనం చేసేది చదవడం, అదీ మూరెడు దూరం నుంచి. చదివే వస్తువును అంగుళాలతో కొనడమంటే నిఘంటువును బరువు చూసి కొనడమే.

లెక్క చూడండి. బాబాయి పాత తెరా, కొత్త తెరా రెండూ ఫుల్ హెచ్‌డీవే. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. తెర 22 అంగుళాలదైనా 27 అంగుళాలదైనా అవి అంతే. 22లో అంగుళానికి 100 పిక్సెళ్లు పడితే 27లో 82 పడతాయి. పిక్సెళ్లు పెరగలేదు, ఒక్కొక్కటీ లావెక్కిందంతే. పప్పులో నీళ్లు పోసి పదిమందికి వడ్డించడం లాంటిదిది. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.31 మిల్లీమీటర్లు. చూపు బాగున్న కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి 0.17 మిల్లీమీటర్ల తేడానైనా పసిగట్టగలదు. అంటే కన్ను అడిగినంత వివరం ఆ తెర దగ్గర లేదు.

ఈ లోటు ఇంగ్లీషు చదివేవారికి అంతగా తెలియదు. ఆ లిపి అక్షరాలు ఒక వరసలో, ఎడం ఎడంగా నిలబడతాయి. మనది అంతస్తుల లిపి. పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద వత్తు, ఒక్కోచోట దాని పక్కనే ఇంకో వత్తు. 'స్వాతంత్ర్యం', 'లక్ష్మి', 'రాష్ట్రం' రాసి చూడండి, ఒక్క అక్షరం చోటులో ఎంత కాపురం ఉందో తెలుస్తుంది. 'అర్థం'లో థ వత్తుగా మారి ర కింద ఒదుగుతుంది. అసలే చిన్నదైన ఆ వత్తు పొట్టలో చుక్కకు దక్కేది ఒకటో రెండో పిక్సెళ్లు. ఆ కొద్దిపాటి జాగాలో అంచులు నున్నగా కనబడాలని కంప్యూటర్ బూడిద రంగు పూస్తుంది. చుక్క ఆ బూడిదలో కలిసిపోతుంది. బాబాయి కళ్లద్దాలు తుడుచుకున్నా లాభం లేదు, అక్కడ చూడడానికి చుక్కే లేదు.

"పెద్ద తెర మీద అక్షరాలు పెద్దవవుతాయి కదా, పెద్దవాళ్లకు అదే కావాలి కదా" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పెద్దవవుతాయి, కాదనను. కానీ పెద్దవడం వేరు, తేటపడడం వేరు. అదే 27 అంగుళాల్లో 2560 × 1440 పిక్సెళ్ల తెర తీసుకుని, సెట్టింగుల్లో స్కేలింగ్ 125 శాతానికి పెట్టండి. అక్షరం కొలత ఇంచుమించు అంతే ఉంటుంది, దాన్ని గీయడానికి మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా పిక్సెళ్లు దొరుకుతాయి. 4కె తెర తెచ్చి 200 శాతానికి పెడితే అదే కొలతలో నాలుగు రెట్లు. అప్పుడు చుక్కకూ చోటుంటుంది, చుక్క చుట్టూ ఖాళీకీ చోటుంటుంది. చదువరికి రెండూ కావాలి.

ఇక అట్టపెట్టె మీద అచ్చేసే తక్కిన అంకెల సంగతి. 144 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు 144 సార్లు బొమ్మను మార్చగలదని. వేగంగా సాగే ఆటల్లో ఆ తేడా కంటికి తెలుస్తుంది. ఇంట్లో ఆటగాడుంటే కొనండి, మౌస్ కదలిక కూడా నున్నగా ఉంటుంది. కానీ కదలకుండా కూర్చున్న 'క్ష'ను సెకనుకు 60 సార్లు గీసినా, 144 సార్లు గీసినా అది అదే 'క్ష'. బ్యాక్‌లైట్ ఉన్న తెరకు కాంట్రాస్ట్ లక్షల్లో ఉందని రాస్తే అది బ్యాక్‌లైట్‌ను పెంచీ తగ్గించీ తీసిన అంకె. ఒకేసారి తెర మీద కనబడే తెలుపు నలుపుల నిష్పత్తి మామూలు ఐపీఎస్ రకం తెరల్లో 1000కి 1 దగ్గర ఉంటుంది. చదువుకోవడానికి అది చాలు.

పెట్టె మీది కన్ను బొమ్మ ఇంకో తంతు. కళ్ల అలసటకు కారణం నీలి కాంతేనని, దాన్ని ఆపే తెరో కళ్లజోడో కొంటే తీరిపోతుందని ప్రచారం. కోక్రేన్ సంస్థ 2023లో 17 అధ్యయనాలను పరిశీలించి, కంప్యూటర్ పని వల్ల వచ్చే అలసటను నీలి కాంతిని ఆపే అద్దాలు మామూలు అద్దాలకంటే ఎక్కువగా తగ్గించకపోవచ్చని తేల్చింది. అమెరికా కంటి వైద్యుల అకాడమీ కూడా వాటిని సిఫారసు చేయడం లేదు. తెర వైపు చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కన్ను పొడారి మండుతుంది. దీనికి మందు కొట్లో దొరకదు. ఇరవై నిమిషాలకోసారి తల తిప్పి కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టును చూడడమే మందు.

నిజానికి చాలా ఇళ్లలో తెరను తెచ్చాక ఎవరూ దాన్ని సర్దరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెలుతురు కొట్లో దీపాల మధ్య మెరవడానికి పెట్టింది, పడగ్గదికి కాదు. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. కాగితం కంటే తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించండి. కిటికీ వెలుతురు వెనక నుంచి తెర మీద గాని, ఎదురుగా కంట్లో గాని పడకుండా పక్కకు ఉండేలా బల్ల జరపండి. తెర పై అంచు కంటి ఎత్తుకు గాని, కాస్త కిందకు గాని ఉండాలి. ప్రోగ్రెసివ్ కళ్లజోడు వాళ్లకు ఇంకా కిందకు దించాలి. లేకపోతే కింది అద్దంలోంచి చూడడానికి రోజంతా గడ్డం పైకెత్తి కూర్చోవాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. బాబాయి తెర కాలికి ఎత్తు మార్చే వీలే లేదు. అందమైన వంపుకు డబ్బు పెట్టి, పైకీ కిందకీ జరిగే కాలును వదిలేశాం. కొనేటప్పుడు ఆ సంగతి మాలో ఎవరికీ తోచలేదు.

పిక్సెళ్లకు ధర పెరుగుతుంది, నిజమే. అయితే వంపు, హెర్ట్జ్‌లు, రంగు లైట్లు వదులుకుంటే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. 4కె కొనేముందు మీ కంప్యూటర్‌కున్న హెచ్‌డీఎంఐ ఏ కాలానిదో కనుక్కోండి. 1.4 రకమైతే 4కెను సెకనుకు 30 సార్లే ఇవ్వగలదు, మౌస్ నత్తలా పాకుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు లాంటి చోటికి వెళ్లగలిగినవాళ్లు వట్టి చేతులతో వెళ్లకండి. చిన్న అక్షరాల్లో తెలుగు పేజీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. కొట్లో ఎప్పుడూ ఆడించే చిలకలు, సముద్రాలు ఆపించి దాన్ని తెరిపించండి. 'అర్థం' ఎక్కడుందో, 'అర్ధం' ఎక్కడుందో కూర్చునే దూరం నుంచి చెప్పగలిగితే ఆ తెర మీది.

మేం చివరికి ఆ వంపు తెరను పిల్లాడి ఆటలకిచ్చి, బాబాయికి 2560 × 1440 తెర, ఎత్తు మారే కాలుతో తెచ్చాం. మొదటి పరీక్షగా ఈ వ్యాసం చిత్తుప్రతే పంపాను. గంటలో ఫోన్ చేశారు. తెర గురించి ఒక్క మాటా లేదు. "ఏరా, మూడో పేరాలో 'అర్ధం' అని కొట్టావు. సగమే చెప్పదలచుకున్నావా?"