అ ఆ ల కంటే ముందు అమ్మ మాట

సాయంత్రం ఆరు దాటిందంటే గద్వాలలో మా వీధి చివరి ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుంది. పడి దెబ్బ తగిలించుకున్న ఏడుపు కాదు, ఆకలేడుపూ కాదు. అది పలక ఏడుపు! పిల్లకు మూడేళ్ళు నిండి రెండు నెలలైంది. తల్లి డిగ్రీ చదివిన అమ్మాయి, పిల్లంటే ప్రాణం పెడుతుంది. మొన్నొకనాడు పలక పట్టుకుని మా ఇంటికొచ్చి, "చూడక్కా, వారం నుంచి దిద్దిస్తున్నా. 'బి' రాయమంటే 'డి' రాస్తది. దీనికి బుర్ర తక్కువేమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్లేమో మా అరుగు మీద గొంతుక్కూర్చుని చీమల్ని లెక్కపెడుతోంది. "ఒకటి, రెండు, మూడు... ఇంకోటొచ్చింది!" తల్లి ఆ మాట వినలేదు. ఆమె చూపంతా పలక మీదే ఉంది.

ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. మా పెద్దవాడికి నేనూ అదే చేశాను. మూడున్నరేళ్ళకే వాడు ఒకటి నుంచి నూరు దాకా గడగడా చెప్పేవాడు. చుట్టాలొస్తే నిలబెట్టి చెప్పించేదాన్ని. అందరూ చప్పట్లు కొడితే నా కడుపు నిండేది. ఒకరోజు పల్లీలు వలుస్తూ, "నాన్నా, ఐదు గింజలియ్యరా" అన్నాను. వాడు గుప్పెడు తీసి నా చేతిలో పోసి, "ఒకటి, రెండు, మూడు..." అని నూరు దాకా చదివేసి వెళ్ళిపోయాడు! ఐదు అంటే ఎన్నో వాడికి తెలియదు. నేను నేర్పింది లెక్క కాదు, పాట. ఆ తర్వాత పట్నంలో ఒక బళ్ళో ఇంటర్వ్యూ అంటే తీసుకెళ్ళాం. అక్కడ నా చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుని నోరే విప్పలేదు. రెండో తరగతికొచ్చేసరికి పుస్తకం కనిపిస్తే పరుపు కింద దాచేవాడు. వాణ్ణి మళ్ళీ పుస్తకం దగ్గరికి తీసుకురావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ముందు పరుగెత్తించాలనుకుని మూడేళ్ళు వెనక్కి లాగానన్నమాట.

మన భయానికి కారణం ఉంది

చదువుకున్నవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు, "పిల్లల్ని వాళ్ళ మానాన వదిలెయ్యండి" అని. మన పాలమూరు తల్లులు అలా వదిలెయ్యలేరు. 2011 జనాభా లెక్కల్ని ఇప్పటి జిల్లాల వారీగా విడదీస్తే గద్వాల జిల్లాలో అక్షరాస్యత నూటికి 50 కూడా లేదు, రాష్ట్రంలోనే అట్టడుగు. ఆడవాళ్ళలో అయితే నూటికి 40 దగ్గరే ఆగిపోయింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ కొంచెం మెరుగు, అంతే. నేను చదువుకోలేకపోయాను, నా బిడ్డయినా చదవాలి అనే ఆకలి అది. ఇక 2022-23 నుంచి సర్కారు బళ్ళలోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చాక, "నాకు రాని భాషలో నా బిడ్డ ఎట్లా నెగ్గుకొస్తది?" అనే దిగులు కూడా తోడైంది. పైగా పిల్లకు నాలుగు ముక్కలు రాకపోతే అత్తగారి దగ్గర్నుంచి ఆయన దాకా అందరూ అనేమాట ఒకటే. "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావ్?" ఆ మాట పడలేకే మనం పలక తీస్తాం. కాబట్టి పిల్లలకు ఇంట్లో ముందుగా నేర్పాలా వద్దా అని అడిగితే, నేర్పాలనే అంటాను. అయితే ఏం నేర్పాలి? అక్కడే మనం దారి తప్పుతున్నాం.

మూడు ఇళ్ళు చూశాను

ఆ పలక ఏడుపు విన్నప్పటి నుంచీ నేను వెళ్ళిన ప్రతి ఇంట్లో పిల్లల్ని గమనించడం మొదలుపెట్టాను. మొదటిది మా ఊళ్ళోనే ఒక నేతన్న ఇల్లు. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందేగా, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. మగమనిషి మగ్గం మీద ఉంటే ఇల్లాలు రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. నాలుగేళ్ళ కూతురు పక్కన కూర్చుని రంగులవారీగా కండెలు వేరుచేస్తోంది. "ఎర్రవి రెండు తక్కువైనయ్ అమ్మా!" అంది. ఎవరూ కూడికలు, తీసివేతలు చెప్పలేదు, పలక లేదు. "మాకేం చదువొస్తదమ్మా, మేం పిల్లకేం నేర్పుతం" అంది ఆ తల్లి నాతో. నాకు నవ్వొచ్చింది. నా డిగ్రీతో మా వాడికి నేర్పలేకపోయింది ఆమె కండెలు చుడుతూ నేర్పేసింది! ఇంకో మాట కూడా అంది. "పడుగు సరిగ్గా కుదిరితేనే కదమ్మా పేక నిలిచేది. పిల్లలైనా అంతే."

రెండోది వనపర్తిలో మా చెల్లెలి ఇల్లు. గద్వాల నుంచి బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా బస్సులో వెళ్ళాను. వనపర్తిని విద్యాపర్తి అంటారు. రాజావారి భవనంలోనే పాలిటెక్నిక్ కాలేజీ నడిచిన ఊరది. 'మన ఊరు - మన బడి' పథకాన్ని 2022 మార్చి 8న మొదలుపెట్టిందీ అక్కడే. అలాంటి ఊళ్ళో ఉంటూ పిల్లాడు వెనకబడకూడదని మా చెల్లెలు నాలుగేళ్ళవాడికి టైంటేబులు గోడకు అంటించింది. పొద్దున ఫోన్లో రైమ్స్, మధ్యాహ్నం కర్సివ్ రైటింగ్, సాయంత్రం టేబుల్స్. వాడు 'రెయిన్ రెయిన్' పాడాడు. "రెయిన్ అంటే ఏందిరా?" అన్నాను. "రైమ్" అన్నాడు! బయట వాన పడుతోంది, కిటికీ తలుపు వేసి ఉంది.

మూడోది నాగర్‌కర్నూల్ దగ్గర మా పుట్టిల్లు. చెల్లెలి దగ్గర్నుంచి బిజినేపల్లి మీదుగా అటే వెళ్ళాను. మా అమ్మకు వేలిముద్రే, సంతకం రాదు. రాత్రి మంచం మీద మనవరాలికి రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళిన కథ చెబుతోంది. ఆ పిల్ల ఊరుకుంటుందా? "ఏడో చేప ఎందుకెండలేదవ్వా? గడ్డిమేటు ఎందుకడ్డమొచ్చింది?" ప్రతిదానికీ జవాబు కావాల్సిందే. ఒకరోజు అమ్మ మధ్యలో నిద్రపోతే, పిల్లే మిగతా కథ సొంతంగా కల్పించి పూర్తిచేసింది. ఈ మూడిళ్ళలో చదువుకు ముందంజ ఎక్కడ దొరికింది? మీరే చెప్పండి!

పెద్దలేమంటున్నారు?

ఇది నా ఒక్కదాని అభిప్రాయమే అయితే మీరు కొట్టిపారేయొచ్చు. 1993లోనే యశ్‌పాల్ కమిటీ చదువుల భారం మీద నివేదికిస్తూ, నర్సరీలో చేర్చుకోవడానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎత్తెయ్యమంది. ఒకటో తరగతి నుంచి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఎనిమిదేళ్ళ లోపు చదువు ఆటపాటలతోనే సాగాలంది. మెదడు ఎదుగుదలలో నూటికి 85 వంతులకు పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందన్న మాట కూడా ఆ విధానంలోనే ఉంది. అయితే దీన్ని పట్టుకుని మూడేళ్ళకే కాపీరైటింగ్ మొదలుపెడితే ఎలా? మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ పిల్లకు అవన్నీ ఇంకా గట్టిపడవు. పెన్సిల్ పట్టి పేజీలు నింపమంటే ఆ చెయ్యి ఏడవక ఏం చేస్తుంది? ఇక 'బి'ని 'డి'గా తిప్పి రాయడం ఆ వయసుకు మామూలే, బుర్ర తక్కువై కాదు.

జమైకా అనే చిన్న దీవిలో జరిగిన ఒక సంగతి మన తల్లులందరికీ తెలియాలి. 1986లో అక్కడి కింగ్‌స్టన్ పేటల్లో తిండి సరిగ్గా లేక ఎత్తు ఎదగని 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, గంటసేపు, రెండేళ్ళపాటు వెళ్ళారు. పలకలు, పుస్తకాల సంచులు మోసుకెళ్ళలేదు. ఇంట్లోనే తయారుచేసుకోగల ఆటబొమ్మలు చూపించి, పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు నేర్పారు. ఇరవయ్యేళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువుంది! ఆ తల్లులూ మనలాంటి పేద తల్లులే. వాళ్ళిచ్చింది మాట, ఆట. అంతే.

అమెరికాలో 1960లలో పెర్రీ ప్రీస్కూల్ అని ఇంకో ప్రయత్నం జరిగింది. అక్కడ బడికి వెళ్ళిన పేద పిల్లలు తెలివితేటల పరీక్షల్లో మొదట ముందుకొచ్చినా, ఆ ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది. అయినా పెద్దయ్యాక వాళ్ళలో చదువు పూర్తిచేసినవాళ్ళు, ఉద్యోగాల్లో నిలబడ్డవాళ్ళు ఎక్కువున్నారు. చిన్నప్పటి మార్కులు కరిగిపోయినా, పని మీద శ్రద్ధ, పట్టుదల నిలిచాయన్నమాట. ఫిన్లాండులో అయితే పిల్లలు ఏడో ఏటగానీ ఒకటో తరగతిలో చేరరు. వాళ్ళేమైనా చదువులో వెనకబడ్డారా?

మాట్లాడే తీరికేదీ?

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మాట్లాడండి, కథలు చెప్పండి అని పేపర్లో రాయడం తేలికే. మా గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో పూలు క్రాసింగ్ చేసే రోజుల్లో ఆడవాళ్ళు చీకటితో లేచి వెళతారు. ఏళ్ళ తరబడి ఆ పనిలో చిన్నపిల్లల్నే, అందులోనూ ఆడపిల్లల్నే ఎక్కువగా పెట్టారు. వాళ్ళ చేతులు చిన్నవి, కూలి తక్కువ! అలా బడి పోగొట్టుకున్న ఆడపిల్లలే ఇవాళ తల్లులు. పొద్దంతా వంగి పనిచేసి వచ్చిన తల్లికి "పిల్లతో ఆడుకో" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పనికోసం బొంబాయి, పూణే పోయే పాలమూరు కుటుంబాల సంగతీ అంతే.

అందుకే అంగన్‌వాడీని మనం చిన్నచూపు చూడకూడదు. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఈ పథకంలో గుడ్డు, బాలామృతం మాత్రమే కాదు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు కూడా ఉంది. గుడ్డు రాకపోతే అడుగుతాం, మంచిదే. "ఇవాళ మా పిల్లకు ఏ పాట నేర్పారమ్మా?" అని ఎప్పుడైనా అడిగామా? ఆ ఒక్క ప్రశ్న ఊళ్ళో పదిమంది తల్లులు అడిగితే చాలు, అంగన్‌వాడీ కళ మారిపోతుంది.

ఇంకో సంగతి. పిల్లకు మాట నేర్పడం తల్లి ఒక్కదాని పనే అని ఎక్కడ రాసుంది? పొలం గట్టు మీద నాయన వెంట నడిచే పిల్లకు ఎన్ని పిట్టల పేర్లు తెలుస్తాయి! మగవాళ్ళు సాయంత్రం ఫోను పక్కనపెట్టి పావుగంట పిల్లతో కూర్చుంటే తల్లికి ఊపిరాడుతుంది, పిల్లకు ఇంకో గొంతు అలవాటవుతుంది.

ఖర్చులేని పాఠాలు

ఏం చెయ్యాలంటారా? రొట్టె చేస్తూ పిండిముద్ద ఒకటి పిల్ల చేతికివ్వండి, వేళ్ళకు బలమొస్తుంది. చింతగింజలతో వామనగుంటలు ఆడించండి, పంచడం, కూడడం వాటంతటవే వస్తాయి. గాజులు రంగులవారీగా, సైజులవారీగా పేర్పించండి. బస్టాండుకు వెళితే బోర్డు మీద 'గద్వాల' చూపించండి. ఆ 'గ' రోజూ కనిపిస్తే ఏదో ఒకరోజు కిరాణా కొట్టు గోడ మీదా తనే పట్టుకుంటుంది. రాయాలని పిల్లే ఉబలాటపడితే ఇసుకలో వేలితో రాయనివ్వండి, వద్దంటే వదిలెయ్యండి. బతుకమ్మ పేర్చేటప్పుడు ఏ పూవు తర్వాత ఏ పూవో పిల్లనే అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో మాట్లాడే భాషలోనే నిండుగా మాట్లాడండి. తెలుగులో "ఎందుకు?" అని అడగడం వచ్చిన పిల్ల రేపు ఇంగ్లీషులోనూ అడుగుతుంది. ఏ భాషలోనూ అడగడం రాని పిల్లకు మీడియం మార్చి ఏం లాభం?

మా వీధి చివరి అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. "రేపు బళ్ళో రాకపోతే నన్నే అంటరక్కా" అంది. నిజమే, అంటారు. అయినా పది రోజులు పలక అటకెక్కించి చూడమన్నాను. మొన్న సాయంత్రం అటుగా వెళుతుంటే తల్లీకూతుళ్ళిద్దరూ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నారు. "ఇందులో నాలుగు గింజలు, ఇందులో మూడే. ఒకటి ఎటుపోయిందే?" అంటోంది తల్లి. "చీమ ఎత్కపోయింది!" అంది పిల్ల.

ఇద్దరూ ఒకటే నవ్వు. మీ ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఏం వినిపిస్తోంది?