సాహా పేరిట ఉన్న సంస్థకూ మినహాయింపేనా?

ప్లాస్మా ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా చేరిన రోజు నాకు మొదట ఇచ్చినవి చేతొడుగులు. శూన్యపాత్ర లోపలి గోడపై ఒక్క వేలిముద్ర పడినా ఆ జిడ్డు ఆవిరై శూన్యాన్ని చెడగొడుతుంది. ఆ వేలు ఆచార్యుడిదైనా, వెల్డరుదైనా ఒకటే. గాలి ఎక్కడ చొరబడుతోందో తెలియక, అతుకు అతుకుకూ హీలియం చల్లుతూ రాత్రుళ్లు గడిపేవాళ్లం. చాలాసార్లు ఆ చోటును ముందుగా పసిగట్టింది వెల్డరే. పరిశోధన పత్రం అచ్చయినప్పుడు రచయితల జాబితాలో ఆయన పేరు ఉండేది కాదు.

ఈ విభజన పాతదే. ఆలోచించేవారిని చేతిపని నుంచి కులం వేరుచేసినందువల్లే ఈ దేశంలో ప్రయోగ విజ్ఞానం క్షీణించిందని ప్రఫుల్ల చంద్ర రాయ్ శతాబ్దం కిందటే తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో వాదించారు. ఆయన శిష్యుడు మేఘనాద్ సాహా 1893లో ఢాకా ప్రాంతపు గ్రామంలో, నిమ్నంగా చూడబడిన కులానికి చెందిన చిల్లర దుకాణదారు ఇంట పుట్టారు. కలకత్తా హాస్టల్లో సహవిద్యార్థుల నుంచే కులవివక్షను ఎదుర్కొన్నారు. ఏ ఉష్ణోగ్రత, పీడనాల వద్ద వాయువు ఎంతమేర అయనీకరణం చెందుతుందో తెలిపే సమీకరణాన్ని 1920లో ప్రపంచానికి అందించారు. ప్లాస్మా విద్యార్థి తొలి పాఠాల్లో ఒకటి నేటికీ అదే.

కలకత్తాలో ఆయన స్థాపించిన అణుభౌతిక సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ల కోసం పార్లమెంటు 2019లో చట్టం చేసింది. అయితే 'శ్రేష్ఠ', 'పరిశోధన', 'జాతీయ, వ్యూహాత్మక ప్రాధాన్య' సంస్థల పేరిట కొన్నింటిని నాలుగో సెక్షన్ మినహాయించింది. ఆ షెడ్యూల్‌లో సాహా సంస్థ ఉంది. 1989లో ఆదిత్య టోకమాక్‌ను ప్రారంభించిన గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థా ఉంది.

పని కఠినం కాబట్టి ప్రతిభే కొలమానం కావాలంటారు. రిజర్వేషన్ ఏ అభ్యర్థికీ డాక్టరేట్‌ను మాఫీ చేయదు. అర్హత ఉన్నవారిలో ఇంతకాలం ఎవరికి తలుపు మూసి ఉందో గుర్తుచేస్తుంది, అంతే. పైగా ప్రయోగశాల శ్రేష్ఠత ఒక్క తలలో పుట్టేది కాదని అక్కడ ఒక్క రాత్రి పనిచేసినవారికైనా తెలుసు.

నాలుగో సెక్షన్‌ను రద్దు చేయాలి. అంతవరకు ఈ సంస్థలు తమ శాస్త్రవేత్తల, సాంకేతిక సిబ్బంది సామాజిక వివరాలను ఏటా ప్రకటించాలి. సాహా సమీకరణాన్ని బోధించే సంస్థలు, సాహా వంటి ఇంట పుట్టినవారికి తమ నియామకాల్లో ఎంత చోటుందో చెప్పితీరాలి.